పాత బేస్‌బాల్ కార్డుల మీద పిల్లలకు ఇష్టం ఎలా కలిగించాలి

మీ అబ్బాయో అమ్మాయో పిల్లల బేస్‌బాల్ లీగ్ అయిన లిటిల్ లీగ్‌లో ఆడుతుంటారు. లేదా బడిలో ఎవరి దగ్గరో ఆటగాళ్ల బొమ్మలున్న బేస్‌బాల్ కార్డులు చూసి ఇంటికొచ్చి అడుగుతారు. అప్పుడు అమెరికాలో ఉన్న మనవాళ్లం చాలామందిమి చేసే పని ఒకటే. పెద్ద స్టోరుకి తీసుకెళ్లి కొత్త ప్యాకెట్లు నాలుగు కొనిపెడతాం. కారు ఇల్లు చేరేలోపే పిల్లలు వాటిని చించేస్తారు. "మంచి కార్డు" పడిందా లేదా అని చూస్తారు, పడకపోతే మొహం ముడుచుకుంటారు. వారం తిరిగేసరికి ఆ కార్డులన్నీ సోఫా కింద దుమ్ములో ఉంటాయి.

మా ఇంట్లోనూ అదే జరిగింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ ప్యాకెట్లు లాటరీ టికెట్లలా తయారయ్యాయని అర్థమయ్యాక దారి మార్చి పాత కార్డుల వైపు వెళ్లాం. నేను తెనాలిలో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ణి, ఈ దేశం వచ్చేదాకా బేస్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా చూడలేదు. కాబట్టి ఆట తెలియదని మీరు టెన్షన్ పడకండి. నాకు పనికొచ్చిన పద్ధతి, నేను చేసిన తప్పులు రెండూ చెబుతాను.

మొదటి కార్డు

ఎంత పాతదాన్ని వింటేజ్ అనాలి? కార్డులు పోగేసేవాళ్లు సాధారణంగా 1980 దాకా వచ్చినవాటిని వింటేజ్ అంటారు. 1956లో కార్డులు అచ్చువేసే టాప్స్ కంపెనీ తన పోటీదారు బౌమన్‌ను కొనేసింది. ఆ తర్వాత పాతికేళ్ల దాకా ఈ వ్యాపారం దాదాపుగా దాని గుప్పిట్లోనే ఉంది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ అనే కంపెనీలు రంగంలోకి దిగాయి. ఆ దశాబ్దం చివరికి కార్డులు కుప్పలు తెప్పలుగా అచ్చయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువాటిని ప్రీవార్ అంటారు, పిల్లలతో అంత దూరం ఇప్పుడే వెళ్లక్కర్లేదు.

మొదటి కార్డు పెద్ద ఆటగాడిది అయ్యుండాలని అనుకోకండి. మీ పిల్లలకు బాగా దగ్గరైన పెద్దవాళ్లు పుట్టిన సంవత్సరం కార్డు ఒకటి తెప్పించండి. తాతయ్యో, అమ్మమ్మో, నాయనమ్మో. మీకు చెప్పదలచిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పేరున్న ఆటగాళ్లను పక్కన పెడితే 1970లలోని మామూలు కార్డులు ఒకటి రెండు డాలర్లకు దొరుకుతాయి. 1950లలోవి కూడా మూలలు అరిగినవైతే కొద్ది డాలర్లలోనే వస్తాయి. అరిగిందే తీసుకోండి. పిల్లలు భయం లేకుండా చేత్తో పట్టుకోవాలి కదా.

మా నాన్నగారు పుట్టింది 1954లో. ఆ ఏడాది టాప్స్ కార్డులు చూడముచ్చటగా ఉంటాయి. ముందువైపు ఒకే నిండు రంగు మీద ఆటగాడి మొహం పెద్దగా, పక్కనే అతనే ఆడుతున్న చిన్న నలుపు తెలుపు బొమ్మ. వెనక్కి తిప్పితే అతని జీవితం మీద కార్టూన్. నేను తెప్పించింది ఎవరికీ గుర్తులేని ఒక పిచ్చర్‌ది, అంటే మన బౌలర్ లాంటివాడిది. నాలుగు మూలలూ గుండ్రంగా అరిగిపోయాయి, మధ్యలో సన్నటి మడత. జట్టు పేరు మీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి, పక్కన పిల్లల చేతిరాతతో ఇంకో ఊరి పేరు రాసి ఉంది. ఆటగాడు జట్టు మారినప్పుడు ఆ రోజుల్లో పిల్లలు అలా దిద్దుకునేవాళ్లు.

ఆ గీత వల్ల కార్డు ధర పడిపోతుంది. మా అమ్మాయి మాత్రం దాన్నే పట్టుకుని కూర్చుంది. "ఇది రాసిన పిల్లాడికి ఇప్పుడు ఎన్నేళ్లుంటాయి నాన్నా?" అని అడిగింది. కాగితం మీద లెక్క వేశాం. ఆ రాత్రే వీడియో కాల్‌లో తాతయ్యకు చూపించింది. ఆయన తన చిన్నప్పటి అగ్గిపెట్టె బొమ్మల సంగతి చెప్పారు, సిగరెట్ పెట్టెల అట్టలతో ఆడిన ఆట చెప్పారు. బేస్‌బాల్ గురించి ఒక్క ముక్క కూడా తెలియని మనిషి అరగంట ఆ కార్డు గురించే మాట్లాడారు. మర్నాడు పొద్దున్నే అమ్మాయి అడిగిన మాట, "అమ్మమ్మది ఏ సంవత్సరం?"

వెనక్కి తిప్పడం నేర్పండి

కొత్తగా చూసేవాళ్లు బొమ్మ చూసి పక్కన పెట్టేస్తారు. పాత కార్డుల్లో అసలు సరుకంతా వెనకవైపే ఉంటుంది. ఆటగాడి సొంతూరు, ఎత్తు, బరువు, ఏ చేత్తో కొడతాడు, ఏ చేత్తో విసురుతాడు, కింద అంకెలు. మనం చిన్నప్పుడు ట్రంప్ కార్డులు ఆడినట్టే ఈ అంకెలతో ఆడించవచ్చు. ఇద్దరూ చెరో పది కార్డులు పంచుకోండి, హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) ఎవరికి ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు. చవక కార్డులతోనే ఆడండి.

బ్యాటింగ్ యావరేజ్ దగ్గర మన బుర్ర కాస్త తిరుగుతుంది. క్రికెట్‌లో పరుగుల్ని ఎన్నిసార్లు ఔటయ్యామో దానితో భాగిస్తాం. ఇక్కడ హిట్లను (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన సార్లు) ఎట్ బ్యాట్స్‌తో (దాదాపుగా బ్యాటింగ్‌కి దిగిన సార్లు) భాగిస్తారు. 500 ఎట్ బ్యాట్స్‌లో 150 హిట్లు కొడితే .300, దాన్ని త్రీ హండ్రెడ్ అని చదువుతారు. పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనవాడు ఇక్కడ స్టార్. ఈ ముక్క మా అమ్మాయికి చెప్పినప్పుడు నమ్మలేదు, క్యాలిక్యులేటర్ తెచ్చి కార్డు వెనకున్న అంకెలన్నీ సరిచూసింది. దశాంశ భిన్నాలు ఆ అమ్మాయికి బడిలో కంటే ముందు అక్కడే వచ్చాయి.

కథ ఉన్న కార్డులు చూపించండి

ప్రతి కార్డునూ కొననక్కర్లేదు, కొన్నిటిని ఫోన్‌లో బొమ్మ చూపించి చెప్పినా చాలు. పిల్లలకు తప్పులు కనిపెట్టడం మహా సరదా. అక్కడి నుంచి మొదలుపెట్టండి. 1957 టాప్స్‌లో హాంక్ ఆరన్ అనే పెద్ద ఆటగాడి కార్డు చూపించి "ఇందులో తేడా ఏముందో చెప్పు" అనండి. ఆరన్ కుడిచేతి బ్యాటర్. అచ్చువేసేటప్పుడు నెగటివ్ తిరగబడింది, దాంతో కార్డులో ఎడమచేత్తో ఆడుతున్నట్టు ఉంటాడు. 1959లో లూ బర్డెట్ అనే కుడిచేతి పిచ్చర్ కావాలనే ఎడమచేతివాడిలా నిలబడి ఫొటో దిగాడు, కంపెనీ గమనించకుండా అచ్చేసింది. 1974 సెట్‌లో మొదటి కార్డు మళ్లీ ఆరన్‌దే. హోమ్ రన్లలో కొత్త రారాజు అని ప్రకటిస్తూ వేశారు. తమాషా ఏమిటంటే అప్పటికి అతను కొట్టినవి 713, పాతకాలపు దిగ్గజం బేబ్ రూత్ రికార్డు 714. కార్డు ముందొచ్చింది, రికార్డు 1974 ఏప్రిల్ 8న వచ్చింది. ఆ చలికాలంలో అతనికి ఏమైనా అయ్యుంటే కార్డు ఏమయ్యేదని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది.

మీసాలంటే ఇష్టపడే పిల్లలకు 1973 నుంచి వచ్చిన ఓక్లండ్ ఏస్ జట్టు కార్డులు చూపించండి. 1972లో ఆ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ మీసం పెంచిన ప్రతి ఆటగాడికీ 300 డాలర్లు ఇచ్చాడు. అప్పుడు మెలి తిప్పిన రోలీ ఫింగర్స్ మీసం ఇప్పటికీ ప్రసిద్ధం.

అయితే మన పిల్లలకు అన్నిటికంటే ముందు చెప్పవలసినది రాబర్టో క్లెమెంటే కథ అని నా నమ్మకం. ప్యూర్టో రీకోలో పుట్టినవాడు, పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున ఆడాడు. 1955లో అతని మొదటి టాప్స్ కార్డు మీద పేరు రాబర్టో అనే ఉంది. 1957 నుంచి 1969 దాకా మాత్రం కార్డుల మీద "బాబ్ క్లెమెంటే" అని వేశారు. పలకడం తేలికని అమెరికన్లు పెట్టిన పేరది. తన పేరు రాబర్టో అని ఆయన చెబుతూనే ఉన్నాడు. 1970 కార్డు మీద మళ్లీ రాబర్టో అని వచ్చింది. 1972 చివరికి ఆయన హిట్లు సరిగ్గా 3000. ఆ డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తుండగా విమానం సముద్రంలో కూలి చనిపోయాడు.

మా అమ్మాయి పేరు నాలుగక్షరాలు. రెండో తరగతిలో టీచర్ మొదటి అక్షరంతో సరిపెట్టేసింది, అమ్మాయి కూడా అలవాటు పడిపోయింది. 1969 కార్డు, 1970 కార్డు పక్కపక్కన పెట్టి చూపించిన రోజున ఏమీ మాట్లాడలేదు. తర్వాతి వారం కొత్త నోటు పుస్తకం మీద పూర్తి పేరు రాసుకుంది. నేను ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ రెండు కార్డులూ అరిగినవే కొన్నాం, పుట్టినరోజుకి వచ్చిన డబ్బులు సరిపోయాయి.

జాకీ రాబిన్సన్ గురించి కూడా చెప్పండి. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి, ఇక్కడి అగ్రస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో నల్లవాళ్లకు దశాబ్దాలుగా ఉన్న అడ్డుగోడను బద్దలు కొట్టాడు. ఆయన 42వ నంబరును 1997లో అన్ని జట్లలోనూ ఎవరికీ ఇవ్వకుండా ఆపేశారు. అసలు కార్డులు బాగా ఖరీదు, అందుకని ఆయన కథ చెప్పి, ఆ కాలంలో ఆయనతో ఆడిన మామూలు ఆటగాళ్ల కార్డులు కొనుక్కోవచ్చు.

మన దేశపు మూలాలున్న ఆటగాడు ఎవరైనా ఉన్నారా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. టెక్సస్ రేంజర్స్ పిచ్చర్ కుమార్ రాకర్ ఉన్నాడు. తల్లివైపు తాత, అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చినవాళ్లు. 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అతనివి కొత్త కార్డులే గానీ, డాలస్ వైపు ఉన్న మనవాళ్ల పిల్లలకు పాతవాటి దాకా రావడానికి మంచి మెట్టు.

కొనడానికి తీసుకెళ్లండి

ఆన్‌లైన్‌లో కొంటే సులువే, కానీ పిల్లలకు ఆ రుచి తెలియదు. మీ ఊరికి దగ్గర్లో జరిగే కార్డ్ షోకి తీసుకెళ్లండి. హోటల్ హాల్లోనో చర్చి హాల్లోనో వారాంతాల్లో పెడతారు. బల్లల మీద పొడవాటి అట్టపెట్టెలు ఉంటాయి, ఒక పెట్టె డాలర్, ఇంకోటి రెండు డాలర్లు. ఆ పెట్టెల ముందు కూర్చోబెట్టి వదిలేయండి. మీరు వెనక నిలబడి "అది వద్దు, ఇది తీసుకో" అనకండి. అది నేను చేసిన మొదటి తప్పు. పేరున్నవాళ్ల కార్డులు చూపించి నేను తొందరపెడుతుంటే, పిల్ల చేతిలోది పెట్టెలో పెట్టేసి "నువ్వే ఏరుకో" అంది.

చేతికి పదో పదిహేనో డాలర్లు ఇచ్చి, అవి అయిపోతే అంతే అని ముందే చెప్పండి. డబ్బులు పిల్లల జేబులోనే ఉండాలి, బేరం కూడా వాళ్లే ఆడాలి. "ఈ ఐదూ కలిపి నాలుగు డాలర్లకు ఇస్తారా?" అని మర్యాదగా అడగడం నేర్పండి. బేరం మనవాళ్లకు చెప్పాలా! పాత కార్డులమ్మే పెద్దవాళ్లు చిన్నపిల్లలు వచ్చి అడిగితే సంతోషిస్తారు, ఆ ఆటగాణ్ణి తాము మైదానంలో చూసిన సంగతులు చెబుతారు, తరచూ ఒక కార్డు ఊరికే ఇచ్చేస్తారు. అడగకుండా కవర్లోంచి కార్డు బయటికి తీయకూడదని, అంచులే పట్టుకోవాలని ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి. షో ముగిసే వేళకు వెళ్తే అమ్మకందార్లు తిరిగి మోసుకెళ్లడం ఇష్టంలేక కాస్త తగ్గిస్తారు.

నకిలీల సంగతి

నా రెండో తప్పు. ఒక ఆదివారం సంతలో 1950ల నాటి కార్డని చెబితే నలభై డాలర్లు పోసి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే రీప్రింట్. కోపం వచ్చింది గానీ, ఆ కార్డే తర్వాత మాకు పాఠ్యపుస్తకం అయింది. ఒక భూతద్దం కొనండి, నగల దుకాణాల్లో కంటికి పెట్టుకుని చూస్తారే అలాంటిది. అసలు పాత కార్డులో బొమ్మ రంగు చుక్కలతో తయారై ఉంటుంది, కానీ పేరు అక్షరాలు, నల్లటి గీతలు చుక్కలు లేకుండా నిండుగా ఉంటాయి. స్కాన్ చేసి అచ్చేసినదాంట్లో అక్షరాలు కూడా చుక్కలే. ఒక చవకైన అసలు కార్డు పక్కన పెట్టుకుని పోల్చి చూడమనండి. ప్రీవార్ అని చెప్పిన కార్డు అతినీలలోహిత లైటు కింద తెల్లగా మెరిసిపోతే అనుమానించండి, కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు అప్పట్లో కలిపేవాళ్లు కాదు. పిల్లలు ఈ పరీక్షల్లో డిటెక్టివ్‌లు అయిపోతారు. మా ఇంట్లో వారం రోజులు పాలప్యాకెట్ నుంచి పెళ్లి శుభలేఖ దాకా అన్నీ భూతద్దం కిందికి వెళ్లాయి.

దాచడం

కార్డును ముందు మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి, దాన్ని పెన్నీ స్లీవ్ అంటారు. తర్వాత టాప్‌లోడర్‌లో, అంటే పైనుంచి తోసే గట్టి ప్లాస్టిక్ కవర్లో. తొడుగు లేకుండా నేరుగా టాప్‌లోడర్‌లో తోస్తే ముఖం మీద గీతలు పడతాయి. తోసేటప్పుడు మూల తగలకుండా తొడుగు నోటిని వేళ్లతో కాస్త తెరిచి పట్టుకోవాలి. మామూలు కార్డులకు తొమ్మిది జేబుల షీట్లు ఉన్న బైండర్ చాలు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. 1952 నుంచి 1956 దాకా టాప్స్ కార్డులు ఇప్పటివాటికంటే పెద్దవి, తొమ్మిది జేబుల షీట్లలో పట్టవు. వాటికి ఎనిమిది జేబులవి అడిగి తీసుకోండి. పీవీసీ ప్లాస్టిక్ వద్దు. రబ్బరు బ్యాండు వద్దు, సెల్లో టేపు అసలే వద్దు. బేస్‌మెంట్ చెమ్మకు, అటక వేడికి దూరంగా, ఎండ తగలని చోట పెట్టండి. పకోడీ తిన్న చేతుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

దీంతోపాటు ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ఏ కార్డు, ఏ సంవత్సరం, ఎక్కడ కొన్నాం, ఎంతకు, ఎవరు ఏం చెప్పారు. జెఫర్సన్ బర్డిక్ గురించి చెబితే రాయడానికి ఉత్సాహం వస్తుంది. సిరక్యూస్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి, కీళ్ల వ్యాధితో బాధపడ్డ మనిషి. కార్డులన్నిటికీ వరుస పేర్లు పెట్టి కేటలాగ్ తయారుచేశాడు. హోనస్ వాగ్నర్ అనే పాత ఆటగాడి పేరుమోసిన కార్డును అందరూ టీ206 అంటారే, ఆ పేరు ఆయన పెట్టిందే. టీ అంటే టొబాకో, ఆ కార్డులు 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో వచ్చాయి. తన సేకరణలోని ముప్ఫై వేలకు పైగా బేస్‌బాల్ కార్డుల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి ఇచ్చేశాడు. వాటిని ఆల్బముల్లో తన చేతులతోనే అంటించి, 1963లో ఆ పని ముగించిన కొద్దికాలానికే కన్నుమూశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోనే కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ మ్యూజియం అయిన హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, అక్కడ కార్డులకే ఒక ప్రదర్శన కేటాయించారు. ఎండాకాలం సెలవుల్లో ఒక రోజు పెట్టుకోండి.

డబ్బు మాట వచ్చినప్పుడు

ధర గురించి మీరుగా ఎత్తకండి. వాళ్లు అడిగినప్పుడు మాత్రం నిజం చెప్పండి. మికీ మాంటిల్ అనే పెద్ద ఆటగాడి 1952 టాప్స్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. అదే సెట్‌లో అమ్ముడుపోక మిగిలిన కార్డుల్ని 1960లో టాప్స్ ఉద్యోగి సై బర్గర్ పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. ఈ రెండూ కలిపి చెబితే ధర ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకే అర్థమవుతుంది. అమ్మలు చెత్తలో పారేయగా, సైకిల్ చక్రాల ఊచలకు టపటప చప్పుడు కోసం తగిలించగా మిగిలినవే ఇవాళ మనకు దొరికేవి. అందరూ దాచుకున్న 1980ల చివరి కార్డులు ఇప్పుడు పెట్టెలకు పెట్టెలు చవగ్గా వస్తాయి.

కార్డు ఎంత బాగుందో చూసి మార్కులిచ్చే గ్రేడింగ్ కంపెనీలకు పంపడం, ఒకటి నుంచి పది దాకా మార్కులు తెచ్చుకోవడం పిల్లలకు ఇప్పుడే అలవాటు చేయకండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లిన కార్డును మళ్లీ తిప్పి చూసి ముట్టుకోవడం ఉండదు. బడిలో మార్కుల గోల ఎలాగూ ఉంది. ఆన్‌లైన్‌లో లైవ్ పెట్టి ప్యాకెట్లు విప్పి అమ్మే చోట్లకు కూడా పిల్లల్ని దూరంగా ఉంచండి, అందులో జూదం వాసన ఉంటుంది.

మధ్యలో మానేస్తే

మానేస్తారు. ఫుట్‌బాల్ వస్తుంది, స్నేహితులు మారతారు, ఫోన్ వస్తుంది. "ఇంత డబ్బు పోశాం" అని గుర్తుచేయకండి, బైండర్ తీసి పైఅరలో పెట్టకండి. వాళ్ల చేతికందే అరలోనే ఉంచండి. మా అమ్మాయి పన్నెండో ఏట దాదాపు ఏడాది దాన్ని ముట్టుకోలేదు. పోయిన వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. వచ్చిన రెండో రోజు కాఫీ తాగుతూ, "నా కార్డు ఏదమ్మా?" అని అడిగారు. అమ్మాయి లోపలికెళ్లి తెచ్చింది. తొడుగు తీసి ఇస్తూ, "అంచులే పట్టుకోండి తాతయ్యా" అంది. ఆయన గ్లాసు దూరంగా జరిపి, చేతులు పంచెకు తుడుచుకుని, రెండు వేళ్లతో అంచులు పట్టుకుని పెన్సిల్ గీత కోసం వెతికారు.